జపాన్ చిత్రిక మొరాయిస్తోందా? బ్లేడును వదిలి దిమ్మను చూడండి

జపాన్ చిత్రిక (కన్న) సరిగా నడవకపోతే చాలామంది బ్లేడు తీసి మళ్లీ నూరుతారు. చేతి వెంట్రుకలు గొరిగేంత పదునున్నా పొట్టు రావట్లేదంటే తప్పు దిమ్మలో ఉన్నట్టే. బ్లేడును పట్టి ఉంచే ఈ చెక్క దిమ్మను 'దాయ్' అంటారు. ఎక్కువగా తెల్ల ఓక్‌తో చేస్తారు. ఎంత గట్టి చెక్కైనా గాలిలో తేమను బట్టి కదులుతూనే ఉంటుంది.

సమస్య: బ్లేడు అంచు బయటికి కనిపిస్తోంది, కానీ పొట్టు రాదు. ఇంకాస్త దించితే ఒక్కసారిగా మందంగా కోస్తుంది.

కారణం: అడుగు చదును తప్పింది. నోటి (అడుగున బ్లేడు అంచు బయటికి వచ్చే సందు) వెనక భాగం ఉబ్బి బ్లేడును పైకి లేపుతోంది.

పరిష్కారం: బ్లేడు, పై బ్లేడు (అసలు బ్లేడు మీద ఆనించే చిన్న బ్లేడు) రెండూ బిగించే ఉంచండి. అంచు మాత్రం ఒక మిల్లీమీటరు లోపలికి ఉండాలి. బ్లేడు తీసేసి చదును చేస్తే ఆ శ్రమంతా దండగ, బిగించగానే ఆ ఒత్తిడికి అడుగు మళ్లీ ఉబ్బుతుంది. స్టీలు స్కేలును అడుగు మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి: పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు. గాజు పలక మీద సాండ్ పేపర్ అంటించి రుద్ది, ముందు అడుగంతా చదును చేయండి. జపాన్ చిత్రికను మనవైపు లాగుతాం కదా, మనవైపు అంచు దగ్గర ఒక పట్టీ, నోటికి ఆనుకుని మనవైపే ఇంకో పట్టీ వదిలేయండి. మిగతాదంతా వెడల్పు ఉలిని నిలువుగా పట్టి, పీచుకు అడ్డంగా గీకండి. కాగితం మందం దిగితే చాలు. నునుపు పనికి ఈ రెండు పట్టీలే సరిపోతాయి. వంకర తీసే చిత్రికకు వెనక అంచు, అంటే మనకు దూరంగా ఉండే అంచు కూడా ఆనాలి.

సమస్య: బ్లేడు పనిలో జారుతోంది, లేదా దెబ్బలు వేసినా దిగదు.

ఇందులో వేరే చీల ఉండదు. బ్లేడే చీలలా పైన మందంగా, కింద పలచగా ఉంటుంది. అందుకే దాని వీపు దిమ్మలోని వాలు మీద సమంగా ఆనాలి. బిగుతుగా ఉంటే వీపంతా పెన్సిల్‌తో నల్లగా రాసి, దించి తీయండి. వాలు మీద నలుపు అంటిన చోటే ఉలితో పలచగా గీకి, మళ్లీ చూడండి. ఇక్కడ తొందర పనికిరాదు, ఎక్కువ గీకితే వదులైపోతుంది. ఇప్పటికే వదులైతే వాలు మీద పలచని కాగితం అంటించండి.

సమస్య: బ్లేడు పక్కకు సర్దుకోదు, గాడి దగ్గర పగులు కనిపిస్తోంది.

బ్లేడు వెడల్పులో గాడికి (దిమ్మలో బ్లేడు పక్కలు కూర్చునే చోటు) ఇరుక్కుంది. రెండు పక్కలా అర మిల్లీమీటరైనా సందు ఉండాలి. మే నెల ఎండలకో, ఏసీ గదిలోనో చెక్క కుంచించుకుపోతుంది, ఉక్కు కుంచించుకోదు. సందు లేకపోతే దిమ్మ పగులుతుంది. గాడి పక్కలను సన్న ఉలితో కొంచెం వెడల్పు చేయండి.

సమస్య: నోట్లో పొట్టు ఇరుక్కుంటోంది.

రెండు బ్లేడుల మధ్య వెలుతురు కనిపిస్తే, పొట్టు ఆ సందులోకే దూరుతోంది. పై బ్లేడును ఆకురాతితోనో సానతోనో సరిచేయండి.

బ్లేడు తీసేటప్పుడు దిమ్మ వెనక అంచుకు సరిగ్గా మధ్యలో కొట్టకండి, చీలిపోవచ్చు. కుడి మూల ఒకసారి, ఎడమ మూల ఒకసారి, బ్లేడు వాలు దిశలోనే తట్టండి. పని అయ్యాక బ్లేడును కాస్త వదులు చేసి పెట్టండి.