కళ్లజోడుకు ఏ కోటింగ్, ఏ రంగు? షాపులో ఎలా ఎంచుకోవాలి?

శ్రీకాకుళంలో ఏ కళ్లద్దాల షాపుకెళ్లినా, ఫ్రేమ్ నచ్చాక రేట్ల కార్డు ముందు పెట్టి "ఏ కోటింగ్ వేయమంటారు?" అని అడుగుతారు. జవాబు చెప్పే ముందు మీ రోజు ఎక్కడ గడుస్తుందో వాళ్లకు చెప్పండి. ఆఫీసులో కూర్చునేవారికి, ఆమదాలవలస నుంచి రోజూ బండి మీద వచ్చేవారికి, కళింగపట్నంలో వేటకెళ్లేవారికి ఒకే రకం అద్దం పనికిరాదు.

డబ్బు ముందుగా పెట్టాల్సింది రెండింటి మీదే. ప్లాస్టిక్ అద్దానికి గీతలు తొందరగా పడతాయి కాబట్టి హార్డ్ కోటింగ్ తప్పనిసరి. రెండోది ఏఆర్ కోటింగ్, అంటే అద్దం మీద ప్రతిబింబాలను తగ్గించే పూత. మామూలు ప్లాస్టిక్ అద్దం ఒక్కో వైపు దాదాపు 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. పవర్ ఎక్కువున్నవారు తీసుకునే పల్చటి హై ఇండెక్స్ అద్దాల్లో ఇది ఇంకా ఎక్కువ. రాత్రి హైవే మీద ఎదురొచ్చే లారీ లైటు పక్కన మరో మసక లైటు కనిపించేది ఈ ప్రతిబింబాల వల్లే. మంచి ఏఆర్ కోటింగ్ దాన్ని బాగా తగ్గిస్తుంది. కోటింగ్ ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోవచ్చు. అద్దాన్ని ట్యూబ్‌లైటు కింద కాస్త వంచి పట్టుకోండి. అద్దంలో లైటు ప్రతిబింబం తెల్లగా మెరిస్తే కోటింగ్ లేనట్టు. లేత ఆకుపచ్చగానో నీలంగానో మసగ్గా ఉంటే ఉన్నట్టు.

స్క్రీన్ల నీలి వెలుతురును ఆపుతుందని చెప్పే బ్లూకట్ కోసం మాత్రం అదనంగా డబ్బు పెట్టొద్దనే నా సలహా. 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, కంప్యూటర్ పనితో వచ్చే కంటి అలసట దానివల్ల తగ్గుతుందన్న ఆధారం దొరకలేదు. రెప్ప వేయకుండా స్క్రీన్‌నే చూడటం మానితే కళ్లకు ఎక్కువ హాయి.

ఎండకు నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలు నడిచి తిరిగేవారికి బాగుంటాయి. అవి నల్లబడేది ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలకు. కారు ముందద్దం వాటిని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి డ్రైవింగ్‌లో పెద్దగా నల్లబడవు. ఇంకో సంగతి, వేడి పెరిగేకొద్దీ వాటి నలుపు తగ్గుతుంది. మన మే నెల ఎండలో చలికాలమంత ముదురు రంగు రాదు.

నీళ్ల మీద తళుకు మధ్య పనిచేసేవారికి, ఆ తళుకును తగ్గించే పోలరైజ్డ్ అద్దాలు పవర్‌తో చేయించుకోవడమే మేలు. కాకపోతే వాటిలోంచి ఫోన్ స్క్రీన్ ఒక్కోసారి నల్లగా కనిపిస్తుంది. రంగుల్లో గ్రే అయితే రంగులు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి, బ్రౌన్ అయితే గుంతలు, గతుకులు స్పష్టంగా తెలుస్తాయి. నలుపు ముదిరితే రక్షణ పెరిగిందనుకోకండి. యూవీని ఆపని నల్లద్దం వెనుక కంటిపాప పెద్దదై, ఆ కిరణాలు ఇంకా లోపలికి పోతాయి. అందుకే యూవీని దాదాపు పూర్తిగా ఆపే 'యూవీ 400' ఉందా అని గట్టిగా అడగండి. తెల్లద్దంలోనూ అది దొరుకుతుంది. రాత్రి బండి నడపడానికి పసుపు రంగుతో సహా ఏ రంగూ వద్దు.

తీసుకున్న కోటింగ్‌ల పేర్లు, వారంటీ బిల్లు మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక పొడి గుడ్డతోనో చీర కొంగుతోనో తుడవొద్దు. ఇసుక, దుమ్ము రాపిడికి కోటింగ్ పోతుంది. ముందు నీళ్లతో కడిగి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో అద్దండి. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి వదిలేయకండి, వేడికి కోటింగ్ చిట్లిపోతుంది.