వాన లెక్కతో పాటు పైరు తేదీలనూ గీయండి

అనంతపురం జిల్లా వర్షపాతాన్ని గ్రాఫుగా చూపవలసి వచ్చినప్పుడు చాలామంది ఏడాదికొక కడ్డీ గీసి, దానికి అడ్డంగా సుమారు 550 మిల్లీమీటర్ల సగటు గీతను పెట్టి ఊరుకుంటారు. ఆ బొమ్మలో తప్పేమీ లేదు గానీ, వేరుశనగ వేసిన మనిషి అందులో ఎక్కడా కనిపించడు. ఏడాది మొత్తం సగటును దాటినా, ఊడలు దిగి కాయ ఊరే రోజుల్లో మూడు వారాలు చినుకు లేకపోతే దిగుబడి చేతికి రాదు.

అందుచేత ఒకే మండలాన్ని, ఒకే ఖరీఫ్‌ను తీసుకొని, అడ్డగీతపై జూన్ నుండి అక్టోబరు వరకు రోజులను పరిచి, ప్రతి రోజు వానను సన్నని నీలి గీతగా నిలబెట్టండి. 2.5 మిల్లీమీటర్లకు తక్కువ పడిన రోజును వాతావరణ శాఖ వర్షపు రోజుగా లెక్కించదు కనుక, అటువంటి రోజులను లేత బూడిద రంగులో ఉంచితే వాన లేని రోజుల వరుస కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. తరువాత ఒక రైతును అడిగి విత్తు, పూత, ఊడలు, కోత తేదీలను ఆ గీత కిందనే ఆయన మాటల్లో రాయండి: "ఈ పదునుకే విత్తినాం", "ఈడ ఆకు ముడుచుకొనింది". ఈ మాటలను దయచేసి దిద్దవద్దు. బొమ్మకు ప్రాణం అవే.

మండల కేంద్రంలోని వర్షమాపకం చూపిన అంకె ఆ పొలంలో పడిన వాన కాకపోవచ్చునని అడుగున ఒక వాక్యం చేర్చండి. బొమ్మ చూడగానే రైతు అనేది కూడా అదే: "మా చేనికాడ పడలేదు సామీ."