దేవదూతలు, దయ్యాల రోల్‌ప్లేయింగ్ గేమ్‌ను నడిపించడం ఎలా?

దేవదూతలూ దయ్యాలూ మానవ రూపంలో మన మధ్య తిరుగుతూ రహస్యంగా పోరాడుకునే కథలను బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను ధరించి ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో ‘ఇన్ నామినే’ను స్టీవ్ జాక్సన్ గేమ్స్ సంస్థ 1997లో అమెరికాలో విడుదల చేసింది. దానికి మూలమైన ఆట 1989లో ఫ్రాన్స్‌లో వచ్చింది. ఫ్రెంచి మూలంలో వెటకారం పాలు ఎక్కువ కాగా, అమెరికా రూపం చాలావరకు గంభీరంగా సాగుతుంది. కథను నడిపించే గేమ్ మాస్టర్ మొదట తేల్చుకోవలసిందీ అదే: తన ఆట నవ్వించాలా, భయపెట్టాలా? ఆ సంగతి ఆటగాళ్లకు ముందే చెప్పి, విశ్వాసాల విషయంలో ఎవరికి ఏది ఇబ్బందో విడివిడిగా అడిగి తెలుసుకోవాలి. దేవుణ్ణి మాత్రం పాత్రగా రంగం మీదికి తీసుకురాకపోవడమే మంచిది, ఎందుకంటే ఆయనే వచ్చి తీర్పు చెప్పేస్తే ఆటగాళ్లు తేల్చుకోవలసిందేమీ మిగలదు.

తరువాత పక్షాన్ని నిర్ణయించాలి. మొదటిసారి ఆడేవారైతే అందరూ దేవదూతలుగానో, అందరూ దయ్యాలుగానో ఆడటం మేలు.

పాత్రల తయారీకి ఎక్కువ సమయం కేటాయించండి. ‘ఇన్ నామినే’లో దేవదూతల్లో ఒక్కో తెగకు ఒక్కో శక్తి, దానితోపాటే ఒక నిషేధం ఉంటాయి. ఉదాహరణకు, సెరాపు అనే తెగ దూత ఎదుటివారి అబద్ధాన్ని పసిగట్టగలడు, కానీ తాను అబద్ధమాడకూడదు. కెరూబు అనే మరో తెగ దూత ఒకరి రక్షణ బాధ్యతను తలకెత్తుకుంటే, వారికి హాని జరిగినప్పుడు ఆ దోషం కెరూబుకే అంటుకుంటుంది. అలాంటి దోషాలు పేరుకుపోతే దేవదూత పతనమై అవతలి పక్షంలో చేరే ప్రమాదం ఉంది. శక్తుల జాబితాను ఆటగాళ్లు ఎలాగూ కంఠస్థం చేస్తారు కనుక, గేమ్ మాస్టర్ నిషేధాలనే ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోవాలి. నా దృష్టిలో ఈ ఆటకు ప్రాణం ఆ కాగితమే.

సన్నివేశాలను కూడా దాని నుంచే అల్లాలి. ఉదాహరణకు, దయ్యాలు వెతుకుతున్న ఒక సాక్షి ఆసుపత్రి వార్డులో ఉన్నాడనుకుందాం. తలుపు దగ్గర నర్సు అడ్డుపడి, ‘మీరు ఆయనకు ఏమవుతారండీ?’ అని అడుగుతుంది. మరో ఆటలో అయితే ఆటగాడు ‘తమ్ముణ్ణి’ అనేసి లోపలికి వెళ్లిపోతాడు. సెరాపుకు ఆ వీలు లేదు. ‘ఆయన ప్రాణాలు కాపాడటానికి వచ్చాను’ అంటే అది నిజమే గానీ, నర్సు వెంటనే సెక్యూరిటీని పిలుస్తుంది. ఇలాంటి చోట గేమ్ మాస్టర్ సలహాలివ్వకుండా, తొందరపెట్టకుండా ఆగాలి. ఆటగాడు తంటాలు పడే ఆ రెండు నిమిషాల్లో ఉండే రసం కత్తియుద్ధంలో ఉండదు.

పాచికల పద్ధతి తేలికైనదే. ఆరు ముఖాల పాచికలు మూడు వేయాలి, వాటిలో ఒకటి వేరే రంగుది కావాలి. మిగతా రెండింటి మొత్తం ఆ పనికి ఉన్న లక్ష్య సంఖ్యను మించకపోతే ప్రయత్నం ఫలించినట్టు. ఎంత బాగా ఫలించిందో, లేదా ఎంతగా బెడిసికొట్టిందో వేరే రంగు పాచిక చెబుతుంది. లక్ష్యం 7 అయినప్పుడు 3, 2 పడి, మూడోదానిపై 6 వస్తే అది ఘన విజయం. మూడూ 1 పడితే దైవం, మూడూ 6 పడితే నరకం స్వయంగా జోక్యం చేసుకుంటాయి. ఒక్కొక్కదానికి అవకాశం 216లో 1 మాత్రమే కనుక, అది పడిన రోజున చిన్న బహుమతితో సరిపెట్టకుండా కథనే మలుపు తిప్పండి.

పోరాటాలను అదుపులో ఉంచడానికి ఆటలోనే ఒక సాధనం ఉంది. మనిషిని గాయపరిచినా, వస్తువులను ధ్వంసం చేసినా సృష్టి లయలో ఒక అలజడి పుడుతుంది. దగ్గరలో ఉన్న దూతలకూ దయ్యాలకూ అది వినిపించవచ్చు. ఆటగాళ్లు తలుపు పగలగొట్టిన ప్రతిసారీ ఆ చప్పుడు ఎవరి చెవిన పడిందో నిర్ణయించి, దాని పర్యవసానాన్ని కాస్త ఆలస్యంగా చూపించండి.

సెషన్ ముగిశాక ఎవరి దోషం ఎంత పెరిగిందో, ప్రత్యర్థులకు కొత్తగా ఏం తెలిసిందో రెండు చిట్టాలుగా రాసుకోవాలి. తర్వాతి సెషన్‌ను ఆ రెండో చిట్టాతో మొదలుపెట్టవచ్చు.