ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ థీమ్ పార్కుకి: విశాఖ నుంచి బయలుదేరే ముందు

మా వంటగది గుమ్మం మీద పెన్సిల్ గీతలున్నాయి. వాటిలో ఒకదాని పక్కన ‘2018, అమ్మాయి, 114’ అని రాసి ఉంది. ఆ వేసవిలోనే హైదరాబాద్ శివారులోని ఒక థీమ్ పార్కుకి వెళ్లాం. అమ్మాయికి ఆరేళ్లు, అబ్బాయికి రెండు. ఈ సెలవుల్లో మళ్లీ తీసుకెళ్లమని ఇద్దరూ పట్టుబట్టారు. తెలిసిన చోటే కదా, దీనికి పెద్ద ఏర్పాట్లేమిటి అనుకున్నాను. కాగితం తీసుకుని కూర్చుంటే ఒక్కొక్కటీ బయటపడింది. రైలు టికెట్ల లెక్క మారింది, పిల్లల ఎత్తులు మారాయి, నా రక్తపోటు మారింది. మొదటిసారి వెళ్లేవాళ్లు ప్రతిదీ అడిగి తెలుసుకుంటారు. మాలాంటి పాతకాపులే అన్నీ తెలుసన్న ధీమాతో బోల్తా పడతారు.

ముందు ఏ పార్కు అన్నది తేల్చుకోవాలి. అప్పట్లో వైజాగ్ వాళ్లకు పార్కు అంటే హైదరాబాదే. 1996 నుంచి ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లా, ఈ రెండింటి మధ్యే బేరం. 2024లో భువనేశ్వర్ పక్కన ఖుర్దా జిల్లాలో కూడా వండర్‌లా వచ్చింది. రోడ్డు మీద చూస్తే మనకు హైదరాబాద్ 600 కిలోమీటర్ల పైమాట, భువనేశ్వర్ 450 లోపే. చుట్టాలూ పనులూ లేకపోతే ఇప్పుడు నేను అటే మొగ్గుతాను. మా చెల్లెలు ఉప్పల్‌లో ఉంటుంది కాబట్టి మాకు ఆ ఎంపిక లేదు. ఫిల్మ్ సిటీకీ రైడ్ల పార్కుకీ తేడా కూడా గుర్తుంచుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే బస్సులో తిప్పి చూపించే ఫిల్మ్ సిటీ నయం. రైడ్ల పార్కులో వాళ్లకు మిగిలేది మన సంచులకు కాపలా.

ఇక ఎప్పుడు వెళ్లాలి అన్నది. ఎండ గురించి మనకెవరూ చెప్పనక్కర్లేదనుకుంటాం. విశాఖ వాళ్లం దెబ్బతినేది సరిగ్గా అక్కడే. మన ఎండను మనం చెమటతో కొలుస్తాం. బీచ్ రోడ్డులో పది నిమిషాలు నడిస్తే చొక్కా వీపుకి అంటుకుంటుంది, దాహమేస్తుంది, నీళ్లు తాగుతాం. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల గాలి పొడిగా ఉంటుంది. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు తడిగా లేదు కాబట్టి అంత ఎండ లేదనిపిస్తుంది. ఈలోగా ఒంట్లోని నీరు పోతూనే ఉంటుంది. పోయినసారి మధ్యాహ్నం మూడింటికి మా ఆవిడ తల పట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి తను తాగింది అరలీటరు కూడా లేదని అప్పుడు లెక్క తేలింది. అందుకే ఈసారి దాహంతో నిమిత్తం లేకుండా అరగంటకోసారి అందరూ నాలుగు గుక్కలు తాగాలని నియమం పెట్టాను. గడియారం చూసే పని అబ్బాయికి అప్పగించాను. నేను మరిచిపోయినా వాడు మరిచిపోడు.

ఓఆర్ఎస్ విషయంలో కూడా పాత అలవాటు పనికిరాదు. డబ్బాల్లో రంగురంగులుగా అమ్మే తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ అనుకుని పిల్లలకు పట్టించినవాళ్లలో నేనూ ఉన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. మందుల దుకాణంలో దొరికే పొడి ప్యాకెట్ తీసుకోండి. లీటరు నీటిలో కలపమని దాని మీద రాసి ఉంటే లీటరులోనే కలపాలి. చిన్న సీసాలో సగం పొడి వేసి చేతి అంచనాతో కానిచ్చేయడం వద్దు. వడదెబ్బ గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మగతగా, పొంతన లేకుండా మాట్లాడినా అది అలసట కాదు. నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒళ్లంతా తుడుస్తూ, గాలి తగిలేలా చూస్తూ పార్కు సిబ్బందిని పిలవాలి, 108కి ఫోను చేయాలి. మగతలో ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఎండ గొడవెందుకు, దసరా సెలవులకు పోదాం అంటారా? అక్టోబరులో విశాఖ మనిషి ఆకాశం చూడకుండా టికెట్ కొనకూడదు. హుద్‌హుద్ తుపాను మన మీద విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. నిన్నగాక మొన్న 2025 అక్టోబరు చివర్లో మొంథా వచ్చినప్పుడు మన మీదుగా వెళ్లే రైళ్లు ఎన్ని రద్దయ్యాయో చూశాం. తీరం ప్రశాంతంగా ఉన్నా దారి మధ్యలో ఆగిపోవచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి వరదకు కొట్టుకుపోయి విజయవాడ, కాజీపేట మధ్య రైళ్లు నిలిచిపోయాయి. కాబట్టి వానల కాలంలో, తుపాన్ల కాలంలో వెళ్తే పార్కు టికెట్ తేదీ మార్చుకునే వీలుందో లేదో చూసి కొనండి. ఆఖరి రోజు ప్రయాణం మర్నాటి పరీక్షకో ఆఫీసుకో ముడిపడి ఉండకుండా చూసుకోండి.

నా దృష్టిలో అన్నిటికంటే మంచి సమయం జనవరి, అదీ సంక్రాంతి రోజులు. హైదరాబాద్ అంతా మనవైపు వస్తుంటే మనం ఎదురు వెళ్తాం. వాళ్లు తిరిగి వెళ్తుంటే మనం ఇంటికొస్తాం. రెండు వైపులా బెర్తు దొరుకుతుంది, ఎండ బాధ లేదు. నీళ్ల ఆటలు కాస్త చలి పుట్టిస్తాయి, అంతే. ఈ ఆలోచన మా అమ్మకు చెప్పాను. పండక్కి ఇల్లు తాళం వేసి పోతావా అని ఒకే ఒక్క మాట అంది. అందుకే మే నెల.

మే అంటే మార్చిలోనే టికెట్లు. నా బుర్రలో ఇంకా నాలుగు నెలల ముందు లెక్కే ఉంది. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. మే రెండో వారంలో వెళ్లాలంటే మార్చి రెండో వారంలో పొద్దున్నే సిద్ధంగా ఉండాలి. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే ఆన్‌లైన్ ఖాతాకు ఆధార్ అనుసంధానం ముందే చేసి పెట్టుకోండి, 2025 జులై నుంచి అది తప్పనిసరి. మరో మార్పు మా ఇంటి లెక్కకు సంబంధించింది. 2018లో అబ్బాయికి అసలు టికెట్ లేదు, అయిదేళ్లు నిండని పిల్లలకు అక్కర్లేదు. ఇప్పుడు వాడికి పది. బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాల్సిందే.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి, తెల్లారి దిగి, మొహం కడుక్కుని నేరుగా పార్కుకి పోవడం, ఆ రాత్రే ఇంకో రైలెక్కడం మనవాళ్ల ఆచారం. గది అద్దె మిగులుతుంది. మేమూ అలాగే చేశాం. నిద్రలేని కళ్లతో, సరిగ్గా తినని కడుపుతో తలకిందులయ్యే రైడెక్కితే ఏమవుతుందో నేను వర్ణించను. ఒక రాత్రి అక్కడ పడుకుని మర్నాడు వెళ్లండి. 2023 జనవరిలో మొదలైన వందేభారత్‌లో తెల్లవారుజామున బయలుదేరితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో ఉంటాం. పూర్తి రాత్రి విశ్రాంతి దొరుకుతుంది.

ఇప్పుడు ఎత్తు సంగతి. నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. పెద్ద రైడ్లకు కనీసం ఇంత ఎత్తు అని హద్దు ఉంటుంది, చాలా చోట్ల అది 140 సెంటీమీటర్లు. చిన్నపిల్లల రైడ్లకు ఇంతకు మించకూడదని కూడా ఉంటుంది. ఆ హద్దు పెట్టింది మనల్ని ఏడిపించడానికి కాదు. సీటులో మనిషిని పట్టి ఉంచే కడ్డీ, భుజాల మీదికి దిగే పట్టీ ఒక కొలత ఒంటికి తయారవుతాయి. పిల్లవాడు పొట్టిగా ఉంటే మలుపులో కిందికి జారతాడు. అందుకే ‘రెండు వేళ్లే కదా తక్కువ’ అని అక్కడి కుర్రాడితో వాదించడం, చెప్పుల్లో అట్టముక్క పెట్టడం, మునివేళ్ల మీద నిలబడమని సైగ చేయడం లాంటివి చేయకండి. ఇవన్నీ నేను కళ్లారా చూశాను. ఇంట్లోనే చెప్పులు లేకుండా, మడమలు గోడకు ఆనించి, తల మీద అట్టపుస్తకం బల్లపరుపుగా పెట్టి కొలవండి. పార్కు వెబ్‌సైట్‌లో ఏ రైడ్‌కు ఎంతో చూసి, పిల్లలతో కలిసి జాబితా రాయండి. గంటసేపు వరసలో నిలబడ్డాక ‘నువ్వు వద్దు’ అనిపించుకోవడం కంటే నెల ముందు ఇంట్లో తెలియడం మేలు. మా అమ్మాయి 152. మా అబ్బాయి 134. మే నెలకి ఆరు సెంటీమీటర్లు పెరగవురా అని చెప్పాను. రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి తల మీద స్కేలు పెట్టుకుంటున్నాడు, మా చెల్లెలి పిల్లలతో కలిసి ఏ రైడ్లు ఎక్కాలో వేరే జాబితా కూడా రాసుకుంటున్నాడు.

పెద్దవాళ్ల ఒళ్లు కొలవడానికి గుమ్మం సరిపోదు. ఎనిమిదేళ్ల కింద నేను అన్నీ ఎక్కాను. ఇప్పుడు నాకు నలభై ఏడు, రోజూ ఒక బీపీ మాత్ర. గుండె జబ్బు, అధిక రక్తపోటు, వెన్ను లేదా మెడ నొప్పి, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, గర్భం, వీటిలో ఏది ఉన్నా పెద్ద రైడ్ల దగ్గర బోర్డు వద్దనే చెబుతుంది. ఆ బోర్డును ఎవరో అనామకుల కోసం రాశారనుకుంటాం. కొన్ని బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసి ఉంటుంది, ఎండలో అలాంటివాళ్లకు నీరు మరింత త్వరగా తగ్గుతుంది. వెళ్లేముందు డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి: ఏ రైడ్లు వద్దు, ఆ రోజు మాత్ర ఎలా వేసుకోవాలి? సొంతంగా మానేయకండి. మాత్రలు సంచిలో వేసి లాకర్లో పెట్టకుండా ఎవరి ఒంటి మీదైనా ఉండాలి.

బట్టల విషయంలో మనకున్న తెలివి ఇక్కడ తిరగబడుతుంది. ఎండకు నూలు మంచిదే, కానీ నీళ్ల ఆటలకు నూలు బట్టలు, చీరలు, చున్నీలు రానివ్వరు. నైలాన్ తరహా ఈత దుస్తులే ఉండాలి. అక్కడ కొంటే ధర ఎక్కువ, కొలత కుదరదు. జగదాంబ సెంటర్‌లోనో పూర్ణా మార్కెట్‌లోనో ముందే కొని, ఒకసారి తొడిగి చూడండి. ఆడపిల్లలకు నెలసరి తేదీ చూసుకునే ప్రయాణం పెట్టుకోండి, అమ్మాయితో వాళ్లమ్మ ముందే మాట్లాడితే చాలు. తిరిగే చక్రాలున్న చోట జుట్టు గట్టిగా ముడి వేయాలి. 2020లో హైదరాబాద్ శివారులో గో కార్టింగ్ చేస్తూ ఒక యువతి జుట్టు చక్రంలో చిక్కుకుని ప్రాణాలు కోల్పోయింది. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి అలకనూ పట్టించుకోను.

సముద్రం ఒడ్డున పుట్టాం, అలల కొలను మనకో లెక్కా అని మనవాళ్లు అంటారు. నిజానికి మనలో ఎక్కువమందికి ఈత రాదు, మోకాలి లోతులో నిలబడి ఫొటోలు దిగడమే వచ్చు. అలల కొలనులో ప్రమాదం అల కాదు, జనం. అల కొట్టగానే పక్కవాళ్లంతా మీద పడతారు, పిల్లవాడు వాళ్ల కాళ్ల కింద ఉంటే పైనుంచి కనబడడు. చేయి అందేంత దూరంలో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి, చేతిలో ఫోను లేకుండా.

పొద్దున్నే బయలుదేరేటప్పుడు ఆ రోజు బట్టల్లో పిల్లల ఫొటో ఒకటి తీసుకోండి, తప్పిపోతే పోలిక చెప్పడానికి. కలుసుకునే చోటు లోపలికి వెళ్లగానే నిర్ణయించుకోండి. టికెట్లు పార్కు సొంత సైట్లోనే కొనండి. వాట్సాప్‌లో సగం ధర అని వచ్చే క్యూఆర్ కోడ్‌కి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఫోను లాకర్లో ఉన్నప్పుడు యూపీఐ ఉండదు కాబట్టి కొంత నగదు ఉండాలి. బయటి తిండి రానివ్వరు. పోయినసారి మా అమ్మ కట్టిచ్చిన పులిహోర గేటు బయట నిలబడి పొద్దున తొమ్మిదింటికే ఖాళీ చేశాం.

చివరగా, తడి బట్టలకు మందమైన ప్లాస్టిక్ సంచి. ఇది రాయడానికి కారణం ఉంది. ఆ రాత్రి రైల్లో మా గుడ్డ సంచి పై బెర్తు మీద పెట్టాను. కింది బెర్తులో అనకాపల్లి వెళ్లే పెద్దాయన. ఏసీ నుంచి కారుతోందని రెండుసార్లు అటెండెంట్‌ను పిలిపించారు పాపం. తుని దాటాక తెల్లవారింది, సంచి కనబడింది. ఆయన ఏమీ అనలేదు. తన తువ్వాలు పిండి కిటికీ కొక్కానికి తగిలించి, అనకాపల్లిలో దిగేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నారు.