కిటికీల క్లీనింగ్‌కి మనిషిని పెట్టుకునే ముందు

ఫోన్‌లో "ఎంత తీసుకుంటారు" అని అడిగే ముందు "బయటి వైపు ఎలా తుడుస్తారు" అని అడగండి. లోపలి వైపు అద్దం ఎవరైనా తుడుస్తారు, మనమూ తుడుచుకోగలం. డబ్బులిచ్చి మనిషిని పిలిచేది బయటి వైపు కోసమే, ప్రమాదం ఉన్నదీ అక్కడే.

మాది హైదరాబాద్‌లో ఐదో అంతస్తు ఫ్లాట్. 9 కిటికీలు, ఎదురుగా రెండేళ్లుగా కడుతున్న టవర్, కాబట్టి అద్దాల మీద ఎప్పుడూ దుమ్మే. మొదటిసారి వాచ్‌మన్ చెప్పిన కుర్రాణ్ణి పిలిచాం. నేను వంటింట్లో టీ పెట్టి వచ్చేసరికి అతను కిటికీలోంచి దిగి సజ్జ మీద నిలబడి ఉన్నాడు. చెప్పుల్లేవు, తాడు లేదు, ఎడమ చెయ్యి ఫ్రేమ్ పట్టుకుని ఉంది, కుడి చేతిలో తడిగుడ్డ. సజ్జ మీద పావురాల రెట్ట, దాని మీద అప్పుడే అతని బకెట్‌లోంచి ఒలికిన సబ్బు నీళ్లు. అరిస్తే ఉలిక్కిపడి జారతాడేమోనని భయమేసి, మెల్లగా "తమ్ముడూ, లోపలికి రా, టీ తాగుదువు" అన్నాను. వచ్చాడు. "రోజూ ఇట్లనే చేస్తానమ్మా, ఏం కాదు" అన్నాడు. ఒప్పుకున్న డబ్బు మొత్తం ఇచ్చి, బయటి వైపు వదిలెయ్యమని చెప్పాను. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఒకటే రూలు, అద్దం మురికిగా ఉన్నా ఫర్వాలేదు గానీ సజ్జ మీదికి మనిషి దిగకూడదు.

పని తెలిసినవాళ్లకి దిగాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు కూడా. యూపీవీసీ లేదా అల్యూమినియం స్లైడింగ్ కిటికీ అయితే రెక్కని పైకెత్తి ట్రాక్‌లోంచి తీసి, నేల మీద పాత దుప్పటి పరిచి, రెండు వైపులా కడిగి మళ్లీ పెట్టేస్తారు. రెక్క ఊడిపోకుండా పైన చిన్న ప్లాస్టిక్ దిమ్మలు ఉంటాయి కొన్నిటికి, అవి ముందు స్క్రూ డ్రైవర్‌తో తియ్యాలి. పెద్ద రెక్క బాగా బరువుంటుంది, ఇద్దరు పట్టుకోవాలి, అందుకే ఒక్కడే వస్తానంటే నేను వద్దంటాను. గ్రిల్ లోపలి వైపు ఉంటే రెక్క బయటికి రాదు, అప్పుడు పొడవాటి కర్రకి బిగించే స్పాంజి, వైపర్ కావాలి. కదలని ఫిక్స్‌డ్ అద్దం ఎత్తులో ఉండి, కర్ర కూడా అందకపోతే అది ఇంటి క్లీనింగ్ వాళ్ల పని కాదు. తాళ్ల మీద దిగి చేసే టీములు వేరే ఉంటాయి, వాళ్లని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ద్వారా మొత్తం బిల్డింగ్‌కి ఒకేసారి పిలిపించుకోవడం మంచిది. వాళ్లకి ఒంటికి పట్టే ఫుల్ బాడీ హార్నెస్, పని చేసే తాడు కాకుండా విడిగా ఇంకో సేఫ్టీ తాడు, హెల్మెట్, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో ముందే అడగండి. నడుముకి ఉత్త బెల్టు కట్టుకుని వస్తే పంపించెయ్యండి.

మనిషి ఎక్కడ దొరుకుతాడంటే, ముందు మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో అడగండి, పై అంతస్తుల్లో ఎవరికైనా చేసినవాడైతే ఇంకా మంచిది, ఎందుకంటే మీ కిటికీలూ వాళ్ల కిటికీలూ దాదాపు ఒకటే రకం. యాప్‌లో బుక్ చేస్తే "కిటికీలు" అన్న మాటలో ఏమేం కలిసి ఉందో చదవండి, చాలాసార్లు లోపలి వైపు మాత్రమే ఉంటుంది. దసరాకి, సంక్రాంతికి ముందు వారాల్లో పిలవకండి, అందరూ అప్పుడే పిలుస్తారు, ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి పరిగెత్తే హడావుడిలో మూలలన్నీ వదిలేస్తారు.

రేటు కొందరు కిటికీకింత అంటారు, కొందరు చదరపు అడుగుకి, కొందరు ఫ్లాట్ మొత్తానికి. ఏదైనా ఫర్వాలేదు, కానీ రెండు వైపులా తుడవడం, ట్రాక్, ఫ్రేమ్, గ్రిల్, దోమల జాలీ, అన్నీ అందులో ఉన్నాయా అని వాట్సాప్‌లో రాయించుకోండి. నోటితో అన్నది పని అయిపోయాక "జాలీకి వేరే మేడమ్" అవుతుంది. కిటికీల ఫోటోలు పంపండి, అందులో ఒకటి బాగా మురికిగా ఉన్నదీ, సిమెంటో పెయింటో పడి ఉంటే అదీ దగ్గర్నుంచి తీసి పంపండి. సిమెంట్ మరకకి ఎక్కువ అడిగితే అది న్యాయమే, దానికి నిజంగానే టైమ్ పడుతుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అద్దం మీద నీటిబొట్టు ఆరిపోయాక అవే తెల్ల చుక్కలై మిగిలిపోతాయి. ఎంత బాగా తుడిచినా చివర కడిగింది బోరు నీళ్లతోనే అయితే రెండు రోజుల్లో మళ్లీ అదే మసక. తాగే నీటికి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది, బోరు నీళ్లు చాలాచోట్ల దాన్ని దాటేస్తాయి. అందుకని సబ్బుతో రుద్దడానికి ఏ నీళ్లైనా వాడుకోనిచ్చి, ఆఖరి కడుగుకి మాత్రం ఆర్‌ఓ నీళ్లు ఒక బకెట్ నేనే పట్టి ఇస్తాను. నీళ్లు ఆరేదాకా ఆగకుండా వైపర్‌తో పైనుంచి కిందికి లాగి, ప్రతిసారీ రబ్బరుని గుడ్డతో తుడిచి, అంచుల్లో తడిని మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి. పాత న్యూస్‌పేపర్ కంటే ఇదే నయం.

పాత తెల్ల మరకలకి వెనిగర్, లేదంటే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు రాసి కాసేపు ఉంచి రుద్దితే చాలావరకు పోతాయి. బాత్రూమ్ యాసిడ్ తెచ్చాడా, ఒప్పుకోకండి. అద్దం సంగతి అటుంచి, అల్యూమినియం ఫ్రేమ్ నల్లబడుతుంది, కింద మార్బుల్ గట్టు ఉంటే దాని పాలిష్ పోతుంది, ఆ వాసన పీల్చే మనిషికీ మంచిది కాదు. పేరు లేని సీసాలో ఏ ద్రావణం తెచ్చినా ఏమిటని అడగాల్సిందే. బ్లేడు కూడా అంతే. పొడి అద్దం మీద, ఇసుక దుమ్ము కడగకుండా బ్లేడు పెడితే గీతలు పడతాయి, టఫెన్డ్ గ్లాస్ (వేడి చేసి గట్టిపరిచిన అద్దం) మీద మరీనూ. అద్దం మూలలో చిన్న ముద్ర ఉంటే అది టఫెన్డే అయ్యే అవకాశం ఎక్కువ. సన్ ఫిల్మ్ అంటించిన అద్దమైతే బ్లేడు అసలు వద్దు, ముందే చెప్పండి. ఏం చేసినా మొదట ఒక చిన్న కిటికీ మూలలో చేయించి, ఆరాక చూసి, అప్పుడు మిగతావి మొదలుపెట్టమనండి.

ఆ రోజు కర్టెన్లు తీసెయ్యండి, మంచం జరపండి, కింద పాత గుడ్డలు వెయ్యండి. ఎండ పడుతున్న అద్దాన్ని కడగనివ్వకండి, సబ్బు నీళ్లు క్షణాల్లో ఆరిపోయి చారలు మిగులుతాయి. పడమటి కిటికీలు పొద్దున, తూర్పువి మధ్యాహ్నం దాటాక. మధ్యలో మంచినీళ్లు, టీ ఇవ్వండి, పొద్దుటి నుంచి చేతులు పైకెత్తి చేసే పని అది, భుజాలు పడిపోతాయి.

డబ్బులు ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి రెండే. అద్దానికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడి చూడండి, చారలు అప్పుడే కనపడతాయి. తర్వాత ట్రాక్. స్లైడింగ్ కిటికీ కింది ఫ్రేమ్‌లో బయటి వైపుకి సన్నటి రంధ్రాలుంటాయి, వాననీళ్లు అందులోంచే బయటికి పోవాలి, మట్టి పట్టి మూసుకుపోతే వానకి నీళ్లు నేరుగా గదిలోకే వస్తాయి. మా పడగ్గదిలో కిటికీ కింద గోడ పొంగి పెయింట్ ఊడింది ఇందుకే, మేమేమో చాలాకాలం గోడలో లీకేజీ అనుకున్నాం. ఇప్పుడు మాకు చేసే అతను ట్రాక్‌లో మట్టిని బ్రష్‌తో కదిపి, వాక్యూమ్‌తో లాగి, ఆ రంధ్రాల్లో సన్నటి తీగ ఆడిస్తాడు. అయ్యాక నేను చిన్న గ్లాసుడు నీళ్లు ట్రాక్‌లో పోస్తాను, కింద ఎవరూ లేరని చూసుకునే. నీళ్లు నిలవకుండా బయటికి జారిపోతే డబ్బులు చేతిలో పెట్టేస్తాను.