సెలవుల్లో స్కూబా డైవింగ్: నీటిలోకి దిగేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

దసరా సెలవులు మొదలుకొని మే నెల దాకా అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హావ్‌లాక్), కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి ద్వీపం వద్ద, గోవాలో స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండర్ తగిలించుకొని నీటి లోపల ఈదడం) జోరుగా సాగుతుంది. మన వైపు నుంచి వెళ్లే కుటుంబాలు, కొత్త దంపతులు ఒక రోజును దీనికి కేటాయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. ఈత రాకపోయినా పర్వాలేదన్న ప్రకటన చూసి ధైర్యపడేవారే వీరిలో ఎక్కువ. శిక్షకుడు పక్కనే ఉండి, లోతు 12 మీటర్లు మించకుండా చూసుకుంటే తొలి డైవ్ చాలామందికి క్షేమంగానే ముగుస్తుంది. అయితే ప్రమాదం జరిగిన సందర్భాలను పరిశీలిస్తే, దాని మూలం చాలాసార్లు సముద్రంలో కాక, ఒడ్డున తీసుకున్న నిర్ణయాల్లోనే కనిపిస్తుంది.

వినోదం కోసం డైవింగ్ చేస్తూ మరణించిన 947 మంది వివరాలను అమెరికాలో డైవింగ్ భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ పరిశోధకులు పరిశీలించి 2008లో ఫలితాలను ప్రచురించారు. ఘటనకు నాంది ఏమిటో తేల్చగలిగిన కేసుల్లో 41 శాతం సిలిండర్‌లో గాలి చాలకపోవడంతో మొదలైనవి. ప్రాణం తీసిన దెబ్బ ఏదన్న లెక్కలో ఊపిరాడకపోవడం 33 శాతం, రక్తనాళాల్లోకి గాలి బుడగలు చేరడం 29 శాతం, గుండె సంబంధమైన ఘటనలు 26 శాతం. అందరూ భయపడే సొరచేపకు ఈ జాబితాలో చెప్పుకోదగ్గ చోటే లేదు.

గుండె విషయాన్నే ముందుగా చెప్పడం అవసరం. నీటిలో మునగగానే కాళ్లూ చేతుల్లోని రక్తం ఛాతీవైపు మళ్లి గుండెపై భారం పెరుగుతుంది. దానికి చల్లదనం, ఆందోళన, అలలకు ఎదురీదే శ్రమ తోడవుతాయి. నలభై అయిదేళ్లు దాటి, బీపీ, షుగరు ఉండి, రోజుకు అరగంటైనా వేగంగా నడిచే అలవాటు లేని మనిషికి ఇది ఒక్కసారిగా మీదపడే పరీక్ష. డైవింగ్ కేంద్రంలో సంతకం కోసం ఇచ్చే ఆరోగ్య ప్రశ్నావళిని మనవాళ్లు బ్యాంకు ఫారంలా చూసి, అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టేస్తారు. ‘ఉంది’ అంటే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారనీ, కట్టిన డబ్బు పోతుందనీ భయం. నా దృష్టిలో మొత్తం యాత్రలో అత్యంత ప్రమాదకరమైన క్షణం అదే. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, గతంలో ఊపిరితిత్తి కుప్పకూలడం, ఇన్సులిన్ వాడకం, ఇటీవలి శస్త్రచికిత్స వంటివి ఉన్నవారు టికెట్లు కొనకముందే తమ వైద్యుని సంప్రదించాలి. గర్భిణులు ఎంత తక్కువ లోతుకైనా దిగకూడదు.

జలుబుతో ఉన్నప్పుడు డైవింగ్ మానుకోవడమే మేలు. రెండు మూడు మీటర్ల లోతుకే చెవిలో పోటు మొదలవుతుంది. ముక్కు మూసుకొని మెల్లగా గాలి ఊది చెవులను సర్దుకోవాలి. నొప్పి వచ్చాక కాకుండా, దిగడం మొదలైనప్పటి నుంచీ మీటరు మీటరుకూ చేయాలి. సర్దుకోకపోతే ఒకటి రెండు అడుగులు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలే తప్ప బలవంతంగా ఊదకూడదు. కర్ణభేరి చిరిగితే చల్లని నీరు లోపలికి చేరి కళ్లు తిరుగుతాయి; ఏది పైభాగమో తెలియని ఆ స్థితిలోనే మనిషి కంగారుపడతాడు. పడవ ప్రయాణంలో వాంతులవుతాయని అవోమిన్ వంటి మాత్ర వేసుకునేవారు, అది మగత తెప్పిస్తుందని గుర్తుంచుకొని, అది తమకు ఎలా పనిచేస్తుందో ఇంటి దగ్గరే తెలుసుకోవాలి. ముందురోజు రాత్రి మద్యం వద్దని వేరే చెప్పనక్కరలేదు.

పరికరాలను శిక్షకుడే అమర్చినా, గాలి కొలిచే మీటరును స్వయంగా చూసుకోవడం ఎవరికైనా సాధ్యమే. నిండు సిలిండర్‌లో ముల్లు 200 బార్ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంటుంది. నోటి గొట్టంతో రెండు మూడుసార్లు గట్టిగా గాలి పీలుస్తూ ముల్లునే గమనించాలి: పీల్చినప్పుడల్లా అది కిందికి జారి మళ్లీ లేస్తుంటే సిలిండర్ వాల్వు పూర్తిగా తెరుచుకోలేదన్నమాట. గాలికి నూనె వాసన, పొగ వాసన ఉంటే ఆ సిలిండర్ వాడకూడదు. 50 బార్ మిగిలి ఉండగానే పైకి చేరుకునేలా డైవ్ సాగాలి. సైగల విషయంలో మనవాళ్లు తరచు పొరబడేది ఒకటుంది: బొటనవేలు పైకెత్తి చూపితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని అర్థం. బాగున్నానని చెప్పడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

లోపల ఉన్నంతసేపూ ఊపిరి బిగపట్టకూడదు. పది మీటర్ల లోతులో పీల్చుకున్న గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. దాన్ని బయటికి వదలకపోతే ఊపిరితిత్తులు చిట్లి, బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరవచ్చు. ఇందుకు ఒకటిన్నర మీటరు లోతు కూడా చాలు. భయం పుట్టగానే గుక్కపట్టి పైకి దూసుకెళ్లాలనిపించడం సహజం కనుక, దిగేముందే తక్కువ లోతులో మాస్కులోకి చేరిన నీటిని ఊదేయడం, జారిన నోటి గొట్టాన్ని తిరిగి పెట్టుకోవడం చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయించమని అడగాలి. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు దాటకూడదు. నీటిపైకి వచ్చాక ఇబ్బందిగా ఉంటే తేలడానికి తొడిగిన జాకెట్‌లో గాలి నింపి, మునగడానికి కట్టుకున్న బరువుల బెల్టు విప్పి వదిలేయాలి. మరణించినవారిలో చాలామంది నడుముకు ఆ బరువులు అలాగే ఉన్నాయి.

ఎక్కడైనా సరే, మనసు ఒప్పకపోతే ‘నేను దిగను’ అని చెప్పడానికి మొహమాటపడకూడదు. ఒక్కో శిక్షకుడు ఎందరిని చూసుకుంటాడో, పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందో లేదో, తిరిగి బయల్దేరేముందు పేరుపేరునా లెక్క ఎవరు చూస్తారో అడగడం మన హక్కు. 1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక అమెరికన్ దంపతులను సముద్రంలోనే మరిచి పడవ వెనక్కి వచ్చింది. వారు లేరని సుమారు రెండు రోజుల దాకా ఎవరికీ తట్టలేదు, వారు తిరిగి కనిపించలేదు.

ఇక ప్రయాణ ప్రణాళిక. చివరి రోజు ఉదయం డైవింగ్, మధ్యాహ్నం హైదరాబాదు విమానం అని పెట్టుకోవద్దు. శరీరంలో కరిగిన నైట్రోజన్ పూర్తిగా పోకముందే విమానం ఎక్కితే, తక్కువ ఒత్తిడిలో అది బుడగలు కడుతుంది. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, పలు డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు ఆగాలన్నది ప్రామాణిక సూచన. చివరి 24 గంటలూ నీటికి దూరంగా గడిపితే లెక్కల గొడవే ఉండదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కనుక, నేత్రాణి నుంచి అదే సాయంత్రం ఘాట్ రోడ్డు ఎక్కేవారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ప్రయాణ బీమాలో స్కూబాను మినహాయించారేమో ముందే చదువుకోవాలి.

డైవ్ తర్వాత కీళ్లలో నొప్పి, తిమ్మిరి, విపరీతమైన అలసట, తల తిరగడం, మూత్రం ఆగిపోవడం వంటివి కనిపిస్తే అలసట అనుకొని మాలిష్ చేయించుకుంటూ కూర్చోకూడదు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, నూరు శాతం ఆక్సిజన్ ఇస్తూ, ఒత్తిడి గది (గాలి ఒత్తిడి పెంచి చికిత్స చేసే హైపర్‌బారిక్ చాంబర్) ఉన్న ఆసుపత్రికి తరలించాలి. స్వరాజ్ ద్వీప్ నుంచి శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) పడవలోనే గంటన్నర నుంచి రెండున్నర గంటలు పడుతుంది కాబట్టి ఆలస్యానికి తావివ్వకూడదు. లక్షణాలు ఇంటికి చేరాక బయటపడినా, ఏ రోజు, ఎంత లోతుకు, ఎంతసేపు, ఎన్నిసార్లు దిగారో రాసిపెట్టుకున్న కాగితాన్ని డాక్టరు చేతికివ్వాలి; మనం చెప్పకపోతే మన ఊళ్లలో ఆ ప్రశ్న అడిగే డాక్టర్లు అరుదు.