పాత ఎయిర్‌స్ట్రిప్‌కు సర్కారు నిధులు: ఏ పద్దు ఎవరిని అడగాలి

వరంగల్ దగ్గర మామునూరు పాత విమానాశ్రయంలో కదలిక వచ్చాక బసంత్‌నగర్ (పెద్దపల్లి జిల్లా), జక్రాన్‌పల్లి (నిజామాబాద్ జిల్లా), ఆదిలాబాద్ వైపు కూడా ఆశలు లేచాయి. కానీ "మాకు విమానాశ్రయం మంజూరు చేయండి" అని ఒక్క వినతిపత్రం ఇస్తే అది ఏ టేబుల్ మీదా నిలవదు. ఖర్చును పద్దులుగా విడగొట్టి, ఏ పద్దు ఎవరిదో వాళ్లనే అడగాలి.

మొదట మ్యాపు తీయండి. శంషాబాద్ నుంచి రోడ్డు దూరం కాదు, గాలి దూరం కొలవండి. హైదరాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో, 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. మామునూరు ఆ పరిధిలోనే ఉంది కాబట్టి, శంషాబాద్ నిర్వాహక సంస్థ అభ్యంతరం లేదన్నాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది. ఆదిలాబాద్‌లోనైతే భూమి వైమానిక దళానిది, కనుక అక్కడ రక్షణ శాఖ మాట ముందు కావాల్సి వచ్చింది.

భూమి పద్దు రాష్ట్రానిది. ఏ చిక్కూ లేకుండా, ఉచితంగా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి అప్పగించాలి. మామునూరులో అథారిటీ చేతిలో 696 ఎకరాలున్నా మరో 253 ఎకరాలు కావాల్సి వచ్చింది. 2024 నవంబరులో అందుకు రాష్ట్రం 205 కోట్లు మంజూరు చేసింది, అంటే సగటున ఎకరాకు 81 లక్షలు. మీ అంచనా రిజిస్ట్రేషన్ విలువ మీద వేస్తే మొదటి గ్రామసభలోనే కూలిపోతుంది. 2013 భూసేకరణ చట్టంలో నూరు శాతం సొలేషియం (పరిహారానికి సమానంగా అదనపు సొమ్ము) ఉంది, ఇళ్లు, బావులు, చెట్ల లెక్క వేరు. సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత 12 నెలల్లో సెక్షన్ 19 తుది డిక్లరేషన్ రాకపోతే మొత్తం రద్దయి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే పహాణీ (సాగు రికార్డు), టిప్పన్ (సర్వే కొలతల పటం), నక్షా (గ్రామ పటం) సరిపోల్చి, అసైన్డ్ భూములను విడిగా గుర్తించాకే నోటిఫికేషన్ వేయించాలి. రన్‌వే అడ్డొచ్చే ఊరిబాటకు బదులు బాట ఎక్కడో అదే ప్లానులో చూపించండి. రైతుకు పొలానికి పోయే దారి మూసుకుపోతే పరిహారం ఎంతిచ్చినా గొడవ ఆగదు, ఆగాలని కోరడమూ న్యాయం కాదు.

రన్‌వే పొడవు దగ్గరే ఎక్కువ ఫైళ్లు తప్పుతాయి. చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్-72 విమానం నిండు బరువుతో లేవడానికి సముద్ర మట్టంలో, 15 డిగ్రీల దగ్గర సుమారు 1,315 మీటర్లు చాలు. మన దగ్గర ఎత్తు 300 మీటర్లకు 7 శాతం కలిపితే 1,407. ఆపైన ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే పెరిగే ప్రతి డిగ్రీకి ఒక శాతం. ఆ ఎత్తులో ప్రామాణికం 13 డిగ్రీలు, మే నెల గరిష్ఠాల సగటు 41 అనుకుంటే 28 శాతం కలుస్తుంది. మొత్తం దాదాపు 1,800 మీటర్లు! రెండు సవరణలూ కలిసి 35 శాతం దాటాయి కాబట్టి ప్రత్యేక అధ్యయనం కూడా అడుగుతారు. మామునూరులో అంతకంటే పెద్ద జెట్ విమానం ఏ320 కోసం 2,800 మీటర్లు అనుకుంటున్నారు.

పాత తారు బాగానే కనిపిస్తోందని నమ్మకండి. కింద నల్లరేగడి ఉంటే వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది, పొడవాటి పగుళ్లు వస్తాయి. మట్టి నమూనాను నాలుగు రోజులు నానబెట్టి సీబీఆర్ పరీక్ష (నేల ఎంత బరువు మోస్తుందో చూసేది) చేయించాకే పొరల మందం తేలుతుంది.

రన్‌వే, టెర్మినల్ పనులకు దారి ఉడాన్, అంటే చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం. 2017లో వాడకంలో లేని, అరకొరగా నడిచే 50 విమానాశ్రయాలకు కేంద్రం 4,500 కోట్లు ఆమోదించింది. 2025-26 బడ్జెట్‌లో 120 కొత్త గమ్యాల మాట చెప్పింది. అయితే ఉడాన్‌లో ఎయిర్‌లైన్ ఆ రూటుకు బిడ్ వేయాలి. బిడ్ లేకపోతే జాబితాలో పేరున్నా పనులు మొదలు కావు.

రూటు మొదలయ్యాక వచ్చే లోటుకు వయబిలిటీ గ్యాప్ నిధి మూడేళ్లు ఉంటుంది. మనకు అందులో 80 శాతం కేంద్ర నిధి, 20 శాతం రాష్ట్రం. ఇంధనంపై వ్యాట్ ఒక శాతానికి మించకుండా పదేళ్లు ఉంచడం, పోలీసు, ఫైర్ సేవలు ఉచితంగా ఇవ్వడం కూడా రాష్ట్రం పనే. ఈ హామీలన్నీ ఉత్తర్వుల రూపంలో జతచేయండి.

మున్సిపాలిటీ, పంచాయతీలు ఇప్పుడే చూసుకోవాల్సింది చెత్త. విమానాశ్రయానికి 10 కిలోమీటర్లలోపు పక్షులు మూగేలా చెత్త, మాంసం వ్యర్థాలు పడేయడం నిషేధం. డంపింగ్ యార్డు తరలించాలంటే ఏళ్లు పడుతుంది.

చివరగా ఎయిర్‌లైన్‌కు ఇచ్చే నోట్. జనాభా లెక్కలు రాస్తే వాళ్లు చదవరు. గీసుగొండ టెక్స్‌టైల్ పార్కు, ఎన్టీపీసీ, సింగరేణి లాంటి సంస్థల నుంచి నెలకు ఎన్ని విమాన టికెట్లు, ఏ ఊరికి, ఏ రోజుల్లో బుక్ అవుతున్నాయో లెటర్‌హెడ్ మీద రాయించి తీసుకోండి. బిడ్డుకు కనీసం మూడు నెలల ముందే ఆ కాగితాలు వాళ్ల చేతికి చేరాలి.